ఎర్ర బండికి రెండో రంగు

ఏప్రిల్ 9
మా ఆయన డెల్‌కి తుంటి ఆపరేషన్ అయింది. పది రోజులు ఆసుపత్రిలోనే ఉంచి నడిపిస్తారట. మత్తులోంచి లేచి మొదట అడిగింది నా గురించి కాదు, షెడ్ కప్పు కారుతోందా అని. షెడ్‌లో ఉన్నది నా సవతి. డెల్ వాళ్ల నాన్న 1963లో కొన్న చిన్న తోట ట్రాక్టర్.

ఏప్రిల్ 11
జూన్ చివర్లో టౌన్‌లో అపార్ట్‌మెంట్‌కి మారిపోతున్నాం. అక్కడ షెడ్ లేదు. సవతిని అమ్మక తప్పదు. అలాగని డెల్ ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వడట. ఊడదీసి విడిభాగాలుగా అమ్ముకునేవాళ్లు ఎప్పుడూ కాచుకునే ఉంటారు. ఎల్డన్‌కే ఇవ్వాలట. వీళ్ల పాత ట్రాక్టర్ల క్లబ్‌కి ఎల్డనే పెద్ద, ఏళ్లుగా దానిమీద కన్నేసి ఉన్నాడు. మే మూడున చూడ్డానికి వస్తాడు.

పెళ్లిచూపులే ఇక. ఆ వెలిసిపోయిన మొహంతో ఎలా చూపించను?

ఏప్రిల్ 14
ఎర్ర పెయింట్ కొన్నాను. డెల్‌కి చెప్పలేదు. ఇంటికొచ్చి నోరెళ్లబెట్టాలి.

ఏప్రిల్ 17
నడుం పడిపోయింది. గీకాను, కడిగాను, బ్రష్‌తో రెండు పూతలు వేశాను. డెల్ తొడ రాసుకుని రంగుపోయిన చోట కూడా. ఇంజిన్ హుడ్ మీద సగం చెరిగిన పాత స్టిక్కర్ మీద కూడా. బండి కింద దూరి మరీ వేశాను. ఇప్పుడు మిలమిలా మెరుస్తోంది, నాకే ముద్దొచ్చింది. సవతి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఏప్రిల్ 19
డెల్ వచ్చాడు. వాకర్ పట్టుకుని షెడ్ గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నా భుజం తట్టి, చాలా కష్టపడ్డావు లవాన్ అన్నాడు. భోజనం ముట్టలేదు. మందుల వల్లేమో.

మే 3
మందుల వల్ల కాదు.

ఎల్డన్ వస్తాడని పుల్లటి రూబార్బ్ కాడలు కూరి తీపి పై కాల్చాను. షెడ్ తలుపు తీయగానే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, శవం దగ్గర నిలబడ్డట్టు. ఎవడు చేశాడ్రా ఈ పాపం అన్నాడు. ఫ్యాక్టరీలో వేసిన రంగు, స్టిక్కర్ వెలిసినా అలాగే మిగిలిన బండి విస్కాన్సిన్ మొత్తంలో ఇదొక్కటే కదరా, ఇంజిన్ ఇంకోటి దొరుకుతుంది, నాగలి దొరుకుతుంది, పోయిన ఆ రంగు ఎక్కణ్ణుంచి తెస్తావు అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే డెల్ అందుకున్నాడు. నేనే వేశాను ఎల్డన్, బాగుంటుందనుకున్నా అన్నాడు.

డెల్! క్లబ్‌లో ఎవరైనా బండిని సబ్బుతో కడిగినా కస్సుమనే మనిషి! ఎల్డన్ ఒకటే ఎత్తిపొడుపు. మాకందరికీ నీతులు చెప్పి నువ్వు వెలగబెట్టింది ఇదా ముసలాడా, మత్తుమందు నెత్తికెక్కిందా అని. డెల్ తలొంచుకుని విన్నాడు. ఎల్డన్ బేరం ఎత్తకుండానే వెళ్లిపోయాడు. రూబార్బ్ పై కూడా ముట్టలేదు.

సాయంత్రం
డెల్ నన్ను తిట్టినా బావుండేది. ఎందుకలా చెప్పావని అడిగాను. వాళ్లు నన్నంటే పడతాను, నిన్నంటే పడలేను, టీవీ పెట్టు అన్నాడు.

బాత్రూంలో కొళాయి తిప్పుకుని ఏడ్చాను. పెళ్లయిన నాటినుంచీ ఇనుప ముక్కతో పోటీ పడ్డాను, వెర్రిదాన్ని.

మే 10
విడిభాగాల వాడు ఫోన్ చేశాడు. డెల్ వద్దనలేదు. ఆలోచిస్తానన్నాడు.

మే 12
డెల్ కునుకు తీసే వేళ చూసి ఎల్డన్ మళ్లీ వచ్చాడు. తిన్నగా షెడ్‌లోకి నడిచాడు. హుడ్ మీద ఆరిన పెయింట్‌లోంచి బ్రష్ వెంట్రుక ఒకటి గోటితో లాగి నా అరచేతిలో పెట్టాడు. డెల్ జన్మలో బ్రష్ పట్టడు, స్ప్రే గన్ తప్ప అన్నాడు. వాకర్ మీదున్నవాడు బండి కింద ఎలా దూరాడు, ఆ రోజు కోపంలో నా బుర్రకి తట్టలేదు అన్నాడు.

నేనే వేశానన్నాను. తెలుసులే అన్నాడు. ఇప్పుడు తిడతాడనుకున్నా. రూబార్బ్ పై ఏమైనా ఉందా అని అడిగాడు.

కడుపునిండా తిన్నాడు. బండి తనే తీసుకుంటాడట, ముక్కలు కానివ్వడట. నా రంగు గీకించేస్తావా అని అడిగాను. చూద్దాం అన్నాడు.

జూన్ 14
క్లబ్ ప్రదర్శన. ప్రతి బండి ముందూ దాని వివరాల కార్డు. మా దాని దగ్గర అందరూ మూగారు. డెల్ టోపీ తీసి, గొంతు సవరించుకుని ఎల్డన్ రాసిన కార్డుని పైకి చదివాడు.

1963. ఇంజిన్ అసలుది. నాగలి అసలుది. రంగు డెల్ భార్య లవాన్ బ్రష్‌తో వేసింది. గీకడానికి వీల్లేదు.