పది మీటర్ల లోతున అక్సీన్యా

మార్చి 7

తీత్ అలాస్ ఊరు చేరాను. యాకుత్స్క్ నుంచి పదకొండు గంటలు. బండిలో హీటర్ ఎడమకాలికి మాత్రమే పనిచేసింది. కుడికాలు సైన్సుకు అంకితం.

వచ్చిన పనులు రెండు. ఊరి చివర బోరులో వేలాడుతున్న పాత థర్మామీటర్ల దండ తీసేసి, తనంతట తానే అంకెలు రాసుకునే లాగర్ దింపడం ఒకటి. నలభై ఏళ్ళుగా పది రోజులకోసారి ఆ దండ పైకి లాగి, గడ్డకట్టిన నేల ఎంత చల్లగా ఉందో చదివి, మా సంస్థకు పోస్టులో పంపుతున్న అక్సీన్యా గారికి ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం ఇవ్వడం రెండోది. జీతం లేని పని. ఇంత ఓపిక దేశంలో ఆవిడకీ, ఆ థర్మామీటర్లకీ తప్ప ఎవరికీ లేదు. వాటిని లేజీ థర్మామీటర్లంటారు. గ్రీజులో మునిగి ఉంటాయి. పైకి లాగినా చాలాసేపటిదాకా అంకె మార్చవు. నాకు దగ్గర బంధువులు.

ఆవిడ ఇంట్లో లేదు. భర్త ఉన్నాడు. ప్రొకోపీ తాత, డెబ్బై ఆరేళ్ళు, ఒకప్పటి ట్రాక్టర్ డ్రైవరు. ఆవిడేది తాతా అంటే కూతురింటికెళ్ళింది అన్నాడు. ఎప్పుడొస్తుంది అంటే, చేతిలో ఆ అద్దం పగలగొట్టుకునేలా ఉన్నావు, గోడకి మేకుంది, ముందు తగిలించు అన్నాడు.

తినేముందు అట్టు ముక్క తుంచి పొయ్యిలో వేశాడు. మా ఇళ్ళల్లో అందరూ వేస్తారు, నిప్పుకి తొలిముద్ద. ఈయన రెండో ముక్క కూడా వేశాడు. ఈ ఇంటి పొయ్యికి ఆకలెక్కువ కాబోలు.

మార్చి 8, మధ్యాహ్నం

మహిళా దినోత్సవం కదా, కూతురింటికి ఫోన్ చేసి అక్సీన్యా గారికి శుభాకాంక్షలు చెబుదాం అన్నాను. తాత గొడ్డలి తీసుకుని, తాగే నీళ్ళకి ఐసు కొట్టాలని బయటికి వెళ్ళాడు.

తొట్టి నిండా ఐసు ఉంది.

అదే రోజు, సాయంత్రం

పోస్టాఫీసు చూసుకునే మత్ర్యోనా అత్తకి జోకు చెప్పాను. మా అక్సీన్యా గారు సన్మానానికి భయపడి పారిపోయిన తొలి శాస్త్రవేత్త అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఒరే పట్నం బాబూ, అక్సీన్యా పోయి ఎనిమిదేళ్ళయింది, ఆ ముసలాయన చెప్పలేదా అంది. పది రోజులకోసారి ఆవిడ పేరుతో సంతకం పెట్టిన కవరు తెచ్చి నా చేతికే ఇస్తాడు. ముద్ర కొట్టేది నేనే. మీవాళ్ళు ఏటా ఆవిడ పేరున పంపే కొత్త సంవత్సరం కార్డు పట్టుకెళ్ళి ఇచ్చేదీ నేనే. చచ్చిపోయినావిడకి ఉత్తరమొచ్చిందని తిప్పి పంపితే ఆయన మొహం ఎవరు చూస్తారురా, నువ్వు చూస్తావా అంది.

ఫ్రేము ఆ మేకుకే ఉంది. నేనే తగిలించాను.

మార్చి 9

తాత కట్టెలకి వెళ్ళినప్పుడు బీరువా మీది రిజిస్టర్లు దింపాను. ముందు కిందటేడుది తీశాను.

మార్చి పది, మీటరు లోతు: మైనస్ 11.4. అంతకుముందేడూ మార్చి పది, మీటరు లోతు: మైనస్ 11.4. దాని ముందేడూ అంతే. ఎనిమిదేళ్ళు. మా హాస్టల్ క్యాబేజీ సూపు కూడా ఇంత క్రమశిక్షణతో ఉండదు. ఆవిడ బతికున్న చివరి ఏడాది అంకెలే, తేదీ తేదీకీ, ఎనిమిదిసార్లు దించి రాశాడు.

ఇప్పుడు అసలు పరువు నష్టం. నా థీసిస్‌లో మూడో ఛాప్టర్ పేరు ‘వేడెక్కని నేల’. మధ్య యాకుతియాలో గడ్డకట్టిన నేలంతా కరుగుతుంటే తీత్ అలాస్ మాత్రం చెక్కు చెదరలేదని నలభై రెండు పేజీలు రాశాను. కారణాలు కూడా కనిపెట్టాను. నాచు, గాలి, మట్టిలో ఇసుక పాలు. ఏడాదంతా పెద్దగా మారని పది మీటర్ల అంకెలు కంప్యూటర్లోకి ఎక్కించిందీ నేనే. పక్కనే ఉన్న మీటరు లోతు గడి వైపు ఒక్కసారి చూసుంటే చాలు. చూడలేదు.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఇది కూడా రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 10

అంకెలు చదివే రోజు. తాత గడ్డం దువ్వుకున్నాడు, ఉతికిన చొక్కా తొడిగాడు. బోరు దగ్గర చేతిమేజోళ్ళు తీసేసి దండ లాగాడు. ఆ చలిలో వట్టి వేళ్ళతో. ఒక్కో థర్మామీటరూ ఊపిరి తగలకుండా పక్కకి తిరిగి చదివి, ఏమీ రాసుకోకుండా మళ్ళీ దింపేశాడు. పది మీటర్లది నేనూ చూశాను. మైనస్ 2.1.

ఇంటికొచ్చి రిజిస్టర్ తీసి, పది మీటర్ల గడిలో 2.9 రాయబోయాడు.

తాతా, రెండు పాయింట్ ఒకటి కదా అన్నాను.

కలం పెట్టేశాడు. రిజిస్టర్ మూసి చెప్పాడు. అక్సీన్యాని నేలలో పెట్టడానికి రెండు రోజులు నిప్పేసి నేల కరిగించాం రా. అయినా గునపం దిగలేదు, నిప్పురవ్వలొచ్చాయి. ఇంత గట్టి నేల, దీనికేం భయం లేదనుకున్నా. అప్పటికి ఆరో రోజు, ఇరవయ్యో తారీఖు. దాని పని ఆగకూడదని దండ పైకి లాగాను. 2.8. ముప్పై రెండేళ్ళు దాని చేతిలో 2.9కి తక్కువ చలి చూపించని నేల, నా చేతికొచ్చిన మొదటి రోజే మెత్తబడిందని రాయమంటావా? అది పడుకున్నది ఆ నేలలోనే కదా.

మా వాళ్ళు సమాధుల దగ్గరికి ఊరికే వెళ్ళరు. పోయినవాళ్ళని కదపకూడదంటారు. ఈయన బోరు దగ్గరికి వెళుతున్నాడు.

మరి ఈ ఎనిమిదేళ్ళూ చూసిన నిజం అంకెలేవి అన్నాను. చూశాను, మర్చిపోవాలని చూశాను, మర్చిపోయాను అన్నాడు.

మార్చి 11

గుట్టెక్కితేనే సిగ్నల్. మా విభాగం హెడ్ వార్వారా మేడమ్‌కి ఫోన్ చేశాను. బాధగా చెప్పడం నాకు చేతకాదు. ఇక్కడి నేల గుమాస్తా అయిపోయింది మేడమ్, ఏటా పాత ఫైలే తిప్పి పంపుతోంది అన్నాను. ఆవిడకి ఆ గుమాస్తా తప్ప ఇంకేమీ వినపడలేదు. ఎనిమిదేళ్ళు దొంగ అంకెలు రాసిన ఇంట్లో ముందు ముప్పై రెండేళ్ళు నిజం రాశారని ఏంటయ్యా గ్యారంటీ, ఈ స్టేషన్ అంకెలన్నీ కొట్టేస్తున్నాను అంది. నలభై ఏళ్ళూ. ఫ్రేము వెనక్కి తీసుకురమ్మంది.

మార్చి 12

ఆ జోకు నాకే నవ్వు తెప్పించలేదు.

మార్చి 13

తాతకి చెప్పాను. నావి కొట్టెయ్యండి, దానివెందుకు అన్నాడు. మళ్ళీ అదే మాట. మూడోసారి అరిచాడు. నలభై మైనస్‌లో కూడా వెళ్ళింది రా అది! పిల్ల కడుపులో ఉండగా వెళ్ళింది! నీ మేడమ్ వెళుతుందా?

మార్చి 15

రెండు రోజులుగా ఆవిడ రిజిస్టర్లే. ముప్పై రెండు. అన్నిటిలోనూ ప్రతి వరస కింద రిమార్క్స్ అని చిన్న గడి.

‘ఆవు ఈనింది. రెండు గంటలు ఆలస్యం.’

‘తాడు తెగింది. మూడు మీటర్లది లేదు. ఊహించి రాయను.’

‘వేలు వాచింది. ప్రొకోపీ లాగితే నేను చదివాను. తొందరపెడుతున్నాడు.’

‘ఐదు మీటర్లది తప్పు చదివానేమోనని ఇంటికొచ్చాక అనుమానం. మళ్ళీ వెళ్ళాను. తప్పే.’

బోరు ఊరి చివర. మంచులో నలభై నిమిషాలు. ఒక్క అంకె కోసం.

దొంగ అంకెలు రాసేవాళ్ళకి తాళ్ళు తెగవు. తాత రాసిన ఎనిమిదేళ్ళలో రిమార్క్స్ గడి ఒక్కసారి కూడా నిండలేదు.

మార్చి 17

గుట్ట. మేడమ్‌కి రిమార్క్స్ చదివి వినిపించాను, పందొమ్మిది. ఈసారి జోకుల్లేవు. పదహారో దాని దగ్గర ఆగమంది. ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. జలుబేమో.

షరతు పెట్టింది. ఆవిడ చేతిరాత ఏ రోజుతో ఆగిందో, ఎందుకు ఆగిందో, ఆయనే రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. అప్పుడు ముప్పై రెండేళ్ళు నిలుస్తాయి. ఎనిమిదేళ్ళు పోతాయి. నా మూడో ఛాప్టర్ కూడా పోతుందని గుర్తు చేసింది. తెలుసన్నాను.

మార్చి 18

తాత రాయనన్నాడు. దొంగ అని రాయమంటే రాస్తా, తెల్లకాగితం తే. ఆ పుస్తకంలో మాత్రం ఆ మాట రాయను అన్నాడు.

ఆ మాట ఏదో నేనడగలేదు. ఎనిమిదేళ్ళలో ఆయన నోట ఒక్కసారి కూడా విన్లేదని మత్ర్యోనా అత్త అంది. తాత ట్రాక్టర్ పదేళ్ళుగా నడవడం లేదు. సాయంత్రం దాకా దాని కింద పడుకుని ఏదో బిగించాడు.

మార్చి 19

అట్లు. పొయ్యిలో రెండు ముక్కలు.

మార్చి 20

గడ్డం దువ్వుకున్నాడు. ఉతికిన చొక్కా.

తాత దండ లాగి చదివాక లాగర్ దింపాను. పాత దండ తీసెయ్యమని ఆర్డరు. తియ్యలేదు. బోరులో ఇద్దరికీ చోటుంది.

ఇంటికొచ్చాక తాత ఎనిమిదేళ్ళ కిందటి రిజిస్టర్ తానే దింపాడు. జనవరి పది దగ్గర ఆవిడ చివరి వరస. కింద రిమార్క్స్ గడి చిన్నది. ట్రాక్టర్ డ్రైవరు చేతిరాత పెద్దది. గడి దాటి అంచు దాకా వెళ్ళింది.

‘జనవరి 14న అక్సీన్యా చనిపోయింది. ఇక్కడి నుంచి చెయ్యి నాది. అంకెలు చూసి రాసినవి కావు. ప్రొకోపీ.’

కలం మూత పెట్టి, మూత తీసి, ‘చనిపోయింది’ మీద వేలు ఆనించి చూశాడు. సిరా వేలికంటింది.

తర్వాత కొత్త రిజిస్టర్లో, ఈ రోజు వరసలో, పది మీటర్ల గడిలో 2.1 రాశాడు.

నేను బయటికెళ్ళి ఐసు కొట్టాను. తొట్టి నిండానే ఉంది.

ఏప్రిల్ 6, యాకుత్స్క్

కవరొచ్చింది. పంపినవారు: ప్రొకోపీ.

మార్చి 30. పది మీటర్లు: మైనస్ 2.1. రిమార్క్స్: తప్పు చదివానేమోనని మళ్ళీ వెళ్ళాను. తప్పు కాదు.