నీళ్లు తాగని మట్టిని ముట్టుకున్నందుకు

సస్కటూన్, కెనడా,
మంగళవారం.

యూనివర్సిటీ ల్యాబుల భద్రత చూసే ఆఫీసరు గారి సముఖమునకు

అయ్యా,

విషయం: నేను చేసిన పనికి నా బిడ్డ వర్షిణి ల్యాబు కార్డు ఆపివేసినందున, దానిని తిరిగి ఇప్పించుట గురించి.

కొమరయ్య, వయస్సు 68, వృత్తి కుమ్మరం, చదువు ఐదో తరగతి, విజిటర్ వీసా మీద వచ్చినవాడు, రాసుకొను మనవి. దీనిని ఇంగ్లీషులోకి మార్చి ఇచ్చేది పక్క రూములో ఉండే గోపీకృష్ణ. తప్పులుంటే అతనివి.

1. నా బిడ్డ ఐదేండ్లుగా తమరి ల్యాబులో మట్టి మీద పీహెచ్‌డీ చేయుచున్నది. కుమ్మరి బిడ్డ మట్టిలో డాక్టరు అగుచున్నది! ఈ మాట అర్జీకి అక్కరలేదని గోపీకృష్ణ అన్నాడు. నాకైతే రెండుసార్లు రాయాలని ఉన్నది.

2. గత గురువారం బిడ్డ ల్యాబు చూపిస్తానని తీసుకుపోయి, నన్ను తలుపు దగ్గర నిలబెట్టి, నాకు గ్లౌజులు తేబోయినది. ఆ రెండు నిమిషాలలో నేను డబ్బాలోని మట్టి అరచేతిలో పోసుకొని నీళ్లు కలిపితిని. మట్టి కనబడితే నా చెయ్యి నన్ను అడగదు. యాభై ఏండ్ల అలవాటు.

3. మట్టి తడవలేదు. చామాకు మీది బొట్ల వలె నీళ్లు జారిపోయినవి. "బిడ్డా, నీ మట్టి సచ్చిపోయింది!" అని మొత్తుకున్నాను.

"సావలే బాపూ. దాని పొరల నడుమ సబ్బులాంటి మందు ఎక్కించినం. ఇగ అది నీళ్లొద్దంటది. చేన్ల కొట్టిన విషం నీళ్లల్ల కలిస్తే దాన్ని పట్టుకుంటది. ముందుగాల నువ్వు చేతులు కడుగు!"

అది విని సంతోషం పట్టలేక కేక వేసినదీ, ఆ చేతులతోనే బిడ్డ తల నిమిరినదీ వాస్తవము.

4. మట్టిని పాడుచేసితినని తమరి నోటీసు. అయ్యా, నా నీళ్లు దానిలోకి పోనే లేదు. పోయి ఉంటే నేను నేరస్తుణ్ణి. పోలేదు గనుక, బిడ్డ కష్టం నిజమని రుజువు చేసినవాణ్ణి. అందుకు శిక్ష ఆమెకు పడుట నా ఐదో తరగతికి అర్థం కాలేదు.

5. శుక్రవారం లోపల ఆఖరి పరీక్ష చేయకపోతే డిగ్రీ వచ్చే ఏడాదికి పోవును. స్టడీ పర్మిట్ అంతవరకు లేదు. బిడ్డ అన్నం ముందు కూర్చొని లేస్తున్నది. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండు.

కావున నన్ను ఆ బిల్డింగు ఛాయలకు రానీయకండి. ఏ కాగితం మీదనైనా సంతకం పెడతాను. చేతులు నావి, కార్డు ఆమెది అని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కొమరయ్య
(వర్షిణి తండ్రి)

మరిచిన మాట: నేరం రుజువుకని తమరు చూపిన కెమెరా ఫోటోలో నేను మట్టి చేతులతో నవ్వుతున్నాను, పక్కన బిడ్డ తెల్లకోటులో నెత్తి పట్టుకున్నది. ఇద్దరం పనికాడ ఉన్న ఫోటో మాకు అదొక్కటే. ఒక కాపీ ఇప్పించండి సారూ, దాని తల్లి సరోజనకు పంపాలె. నేరం సంగతి చెప్పను.