కర్రకు అవతలి భుజం

శుక్రవారం, రాత్రి

ఇయ్యాల మా ఇంటి రిపేర్ షెడ్డుకు చిన్న క్రేన్ వచ్చింది. షెడ్డు పైపులు బరువు ఆపవు, పైనుంచి చైన్ పుల్లీ వేలాడదీయలేం. అందుకే చక్రాల మీద నడిచేది, కాళ్లు బండి కిందికి దూరేది చూసి నేనే ఎంచిన.

ఇన్నేండ్లు ట్రాలీ ఆటో ఇంజన్ దించాలంటే మోకు కట్టి, కర్ర దూర్చి, ఒక కొస బాపు, ఇంకో కొస షెడ్డుల పనిచేసే ఎల్లయ్య కాక భుజాన పెట్టుకునేటోళ్లు. మొన్న చలికాలం కాక నడుము పట్టేసి మంచంల పడ్డడు. బాపుతోటి పెద్ద లొల్లి పెట్టుకున్న. "బరువు యంత్రం మొయ్యాలె, మనిషి తలెత్తుకోని నిలవడాలె" అని కార్మిక సంఘపోళ్ల కరపత్రాలల్ల చదివిందంతా ఒర్రిన. బాపు ఆఖరికి ఒప్పుకున్నడు.

కొబ్బరికాయ బాపు కాకతోనే కొట్టిచ్చిండు. నేను హ్యాండిల్ కొడుతుంటే ఇంజన్ అలకగ లేచింది. కాక అలవాటు కొద్ది చెయ్యి పట్టబోయి ఆగిండు.

"మల్లన్నా, గిది నా లెక్క చాయ్ అడగదు" అని బాపును చూసి నవ్విండు.

"నీ లెక్క తిట్టది గూడ" అన్నడు బాపు.

పోయేటప్పుడు కాక చెప్పులేసుకుంట మెల్లగ అడిగిండు. "రేపు రావాల్నా?"

గా మాట ఆయన అడగంగ నేనెన్నడు ఇనలే. పొద్దున్నే వచ్చేటోడు, అంతే. బాపు నా దిక్కు చూసిండు. కాక నడుము కోసం అంత కొట్లాడినోన్ని, ఆయన పని ఏమైతదని ఒక్కసారన్న అనుకోలే. రమ్మందామంటే, ఏం పనికి రమ్మనాలె?

కాక జవాబు కోసం ఇంకొద్దిసేపు గేటు కాడ నిలవడి, ఇంటికి పోయిండు...