దగ్గు తగ్గిన సంగతి

లాలాగూడ రైల్వే క్వార్టర్స్,
ఆదివారం.

బేటీ అక్సాకు అబ్బా దువాలు.

మేమిద్దరం ఖైరియత్‌గానే ఉన్నం. అబద్ధం కాదు గానీ, సగమే నిజం. ఫోనుండంగ ఈ కాగితమేందని నవ్వకు. ఫోన్ల నాలుగుసార్లు చెప్పబోయి, వేరే ముచ్చట చెప్పి పెట్టేసిన.

నీ నర్సింగ్ పరీక్షలు మంచిగైనయంటే శానా ఖుషీ అయింది. హాస్టల్ కూర నోట్లె పెట్టలేకపోతున్న అన్నవ్, అమ్మీ మామిడి అచార్ సీసా కట్టిపెట్టింది. కుట్టుమిషన్ సుత బాగైంది.

ఇగ నువ్వడిగిన ఆఖరి మాట. అమ్మీ దగ్గు తగ్గిందా అన్నవ్. తగ్గింది బిడ్డా. తగ్గించింది నేనే.

నైట్ డ్యూటీ చేసొచ్చి పొద్దున పండుకుంటే పక్కన ఒకటే పొడిదగ్గు. బీపీ గోళీతోనే కావచ్చు, డాక్టర్‌కు చెప్పమని నువ్వు పోయేటప్పుడే చెప్పినవ్. దవాఖానల లైన్ కట్టే ఓపిక లేక, ఆ గోళీ బంద్ చేసి, గట్లనే తెల్లగున్న బలం గోళీ ఆమె చేతిల పెట్టిన. రెండు నెలలు! నా నిద్ర కోసం. థూ, నాదీ ఒక బతుకేనా.

మొన్న మంగళవారం బట్టలు ఆరేస్తూ ఛాతీ పట్టుకొని కూలబడ్డది. దవాఖానకు తీస్కపోతే డాక్టర్ చెప్పిండు, "గుండె ఒళ్ళంతటికీ రక్తం పంపుతది, కానీ దాని కండకు సుత రక్తం కావాలె గదా. బీపీ పెంచే హార్మోన్ జోరు చేస్తే ఆ కండకు పోయే సన్న నాళాలే బిగుసుకుంటయ్. మన గోళీ దాన్ని ఆపుతది. రోజూ వేసుకుంటున్నవా అమ్మా?"

వర్క్‌షాప్‌ల ముప్పై ఏండ్లు బ్రేకు పైపులు చూసినోణ్ణి. పైపు బిగుసుకుంటే ఏమైతదో నాకు ఇంకొకరు చెప్పాల్నా?

మీ అమ్మీ ఎంత గర్వంగ చెప్పిందో! "ఒక్క దినం తప్పలే సార్. అక్సా వాళ్ళ అబ్బా తన చేత్తోనే ఇస్తడు."

"అయితే గోళీ పనిచేస్తలేదు, డోసు పెంచాలె" అని ఆయన కలం తీసిండు. అప్పుడు చెప్పిన, ఆమె ముందే, తల దించుకొని. డాక్టర్ తిట్టలే. "దగ్గు అని ఒక్క మాటంటే దగ్గు రాని గోళీ రాసెటోణ్ణి గద పెద్దమనిషీ" అన్నడు. తిట్టినా బాగుండు.

ప్రాణానికి భయం లేదన్నరు, పరేషాన్ గాకు. ఇంటికొచ్చినం. అన్నం పెడ్తున్నది, మాట్లాడుతున్నది, నన్ను ఒక్క మాట అనలే. ఈ పొద్దు కొత్త గోళీ విప్పి, నీళ్ల గ్లాసు పట్టుకొని పోయిన. నీళ్లే తీసుకుంది. గోళీ అక్కడ పెట్టుమన్నది. అద్దాలు పెట్టుకొని, స్ట్రిప్ మీది పేరు, చీటీ మీది పేరు అక్షరం అక్షరం కలిపి చూసుకొని, ఇంకోటి తనే విప్పి వేసుకుంది.

ఇట్లు,
నీకు ముఖం చూపలేని అబ్బా,
కలీముల్లా