“తప్పైపోనాది” అంటే ఒప్పుకోను

ఆషాఢం, బుధవారం రాత్రి

గట్టు తగాదా మనసులో పెట్టుకుని పక్క పొలం సింహాచలం నా ఆకుమడిలోకి గేదెల్ని తోలాడు. నారంతా మేసేశాయి. ఇవాళ వాణ్ని పెద్దల ముందు నిలబెట్టారు. మునసబు పోలీసులకు పట్టిస్తానన్నాడు. నేను వద్దన్నాను. వాడు జైల్లో కూర్చుంటే నా నారు మళ్ళీ మొలుస్తుందా? బియ్యం కూడా కొలిచి ఇచ్చే ఈ కంట్రోలు రోజుల్లో ఏడాదంతా ఏం తినాలి?

“తప్పైపోనాది, వదినా,” అన్నాడు తల వంచుకుని.

“ఒప్పుకున్నాడు కదా, ఒగ్గేయమ్మా,” అన్నారు పెద్దలు.

నాకు ఒళ్ళు మండింది. “దానంతట అదే అయిపోనాదేటి? ఎవలు సేసినారో సెప్పు!”

వాడు తల ఎత్తాడు. “నానే సేసినాను,” అన్నాడు.

“అయితే నీ ఆకుమడిలో నారు పట్టుకొచ్చి నా మడిలో నువ్వే ఊడ్సు.”

సాయంత్రం దాకా ఆడవాళ్ళ వరసలో, నా పక్కనే వంగి నారు నాటాడు. అన్నీ వంకర వరసలే. నా కోపం తగ్గిందా అంటే, ఏమో...

తన మాట కాదన్నానని మునసబు రేపు కానిస్టేబుల్ని పంపుతాడట. పంపనీ. ఇంకా సగం మడి మిగిలే ఉంది. అది పూర్తయ్యేదాకా సింహాచలాన్ని ఎవరికీ ఇవ్వను. పట్టుకుపోవాలంటే ఆ కానిస్టేబులు బూట్లు విప్పి నా బురదలోకి దిగాల్సిందే. దిగితే, వాడి చేతిలోనూ ఒక నారుకట్ట పెడతాను.