చెవి సంగతి

మార్చి 3

ఈయన మళ్ళీ వాచీ స్క్రూడ్రైవర్‌తో చెవి గోక్కున్నారు. ఇన్నేళ్ళు వాచీలు బాగుచేసిన చెయ్యి, వణకదట. నేను చెప్పేది చేతి సంగతి కాదు, చెవి సంగతి. షుగర్ మనిషికి చిన్న గీత పడినా మానదని ఎన్నిసార్లు చెప్పాను! గోడకి చెప్పుకున్నట్టే.

మార్చి 9

కుడి చెవి నొప్పి. స్నానంలో తడిసిన దూది అలాగే కుక్కుకుని షాపుకి వెళ్ళారు.

మార్చి 14

చెవి కారుతోంది. తలగడ మీద పచ్చటి మరక. మందుల షాపులో డ్రాప్స్ ఇచ్చారట. ఈయన అక్క, అంటే మా వదిన, ఫోన్ చేసి ఫ్యాన్ గాలి తగ్గించమంది. షుగర్ టెస్ట్ చేయించుకోమని నేనంటే, చెవికీ షుగర్‌కీ ఏం సంబంధమని ఈయన ఇంతెత్తున లేచారు.

మార్చి 21, సాయంత్రం

దవడ పట్టేసింది. అన్నం నమలలేక ఏడుపు మొహం పెడితే ENT దగ్గరికి లాక్కెళ్ళాను. షుగర్ నాలుగొందలకి దగ్గర్లో ఉంది. వయసు, అదుపు లేని షుగర్, లోపల గాయం, పైన తడి. ఇవన్నీ కలిస్తే ఇన్ఫెక్షన్ ఎముకలోకి దిగుతుందట. తేలిగ్గా తీసుకుంటే ప్రాణం మీదికి వస్తుందంది డాక్టరమ్మ. అడ్మిట్ చేశారు. ఈయన బుద్ధిమంతుడిలా తలూపారు. నా మాటకి ఎన్నడైనా అలా ఊపారా?

ఏప్రిల్ 2

డిశ్చార్జ్. ఇంకా చాలా వారాలు టాబ్లెట్లు వేసుకోవాలి. ఇంటికి రాగానే ఒక వాచీ తీసి కుడి చెవికి ఆనించుకున్నారు. వినిపిస్తోందని మురిసిపోయారు.

ఏప్రిల్ 11

టాబ్లెట్లు మానేశారు. టిక్ టిక్ వినిపిస్తోంది కాబట్టి చెవి బాగైపోయిందట. వాచీ నడిస్తే రిపేరు అయిపోయినట్టే కదా, ఆయన లెక్క అది. అన్ని మందులు మింగితే లివర్ పాడవుతుందని వదిన వంత పాడింది. నేను అరిస్తే ఇద్దరూ కలిసి నన్ను గయ్యాళిని చేశారు. పోనీ, నాకేం అనుకున్నాను. నాకు కాక ఇంకెవరికి?

ఏప్రిల్ 19

పొద్దున కాఫీ తాగుతుంటే మూతి పక్క నుంచి కారిపోయింది. మూతి వంకరపోయింది. ఇన్ఫెక్షన్ ముఖం నరం దాకా వెళ్ళిందట. మళ్ళీ అడ్మిట్. నరం సంగతి తర్వాత, ముందు మనిషి దక్కాలంది డాక్టరమ్మ. వదిన వచ్చింది. నువ్వైనా గట్టిగా చెప్పి ఉండాల్సిందమ్మా అంది.

బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. సగం కోపం, సగం భయం.

మే 6

మనిషి దక్కాడు. కుడి కన్ను మూతపడదు. పడుకునేముందు రెప్ప కిందికి లాగి ప్లాస్టర్ వెయ్యమని నర్స్ నేర్పింది.

బతికున్న మొగుడి కన్ను రోజూ నా చేత్తో మూస్తున్నాను.