ఉప్పునీళ్లలో మిరప గింజలు

రెబెక్కక్కా,

ఫోన్లో చెబితే హాస్టలంతా వింటుందని రాస్తున్నాను. నవ్వు ఆగట్లేదు, అక్షరాలు వంకరపోతే తిట్టకు.

ఆఫీసులో నా పక్క సీటు మధుకర్ గురించి చెప్పాను కదా. మాది విక్టోరియా రాణి కాలం నాటి తగువు. దీవుల్లోకి మొక్కలెలా చేరాయని అప్పటి శాస్త్రవేత్తలు తెగ పోట్లాడుకున్నారు. గింజలు సముద్రం మీద కొట్టుకొచ్చాయని డార్విన్, ఒకప్పుడుండి ఆనక సముద్రంలో మునిగిపోయిన నేలవంతెన మీదుగా మొక్కలే వచ్చాయని ఇంకొందరు. నేను డార్విన్ పక్షం. మధుకర్ వంతెన పక్షం.

"గింజలు ఈదుతయా? ఏం మాట్లాడుతున్నవ్!" అన్నాడు.

సముద్రంలో నానినా గింజ మొలుస్తుందని చూపిస్తానని పంతం పట్టి, బొబ్బర్లు ఉప్పునీళ్లలో వేశాను. హాస్టల్ ఆంటీ చూసి, గుగ్గిళ్లు చేసి నా డబ్బాలోనే పెట్టింది. అవి తిని మధుకర్, "ఉప్పు జర ఎక్కువైంది" అన్నాడు!

ఈసారి ఎవరూ వండలేని మిరప గింజలు వేసి, సీసా ఆఫీసులోనే ఉంచాను. ఇంతలో నాకు జ్వరం. తిరిగొచ్చేసరికి సీసాలో నీళ్లు తేటగా ఉన్నాయి. తనే ఓడిపోతాడని తెలిసి కూడా, రోజూ ఉప్పునీళ్లు మార్చింది మధుకరే.

మట్టిలో పెడితే నిన్న ఒకటి మొలిచిందక్కా! అక్కడే పెళ్లిమాట ఎత్తాడు.

"మా నాన్న పాస్టరు. మీ అమ్మ ఏటా బోనమెత్తుతుంది. మధ్యలో సముద్రముంది" అన్నాను.

"వంతెన లేదని ఒప్పుకున్న గద. ఈదుదాం పా" అన్నాడు.

ఆదివారం ప్రార్థనయ్యాక ఇద్దరం మొలక పట్టుకుని మీ ఇంటికొస్తున్నాం. నాన్ననీ పిలువు. ముందు మాత్రం మిరపమొక్క వస్తోందని చెప్పు.

నీ చెల్లి